ఒక బ్యాంకు, ఒక టెలిఫోన్, 37 వేల పౌండ్లు: ‘క్యాష్ ఆన్ డిమాండ్’ ఎందుకు చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒకే లొకేషన్‌లో, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో క్రైమ్ థ్రిల్లర్ తీయాలనుకుంటున్నారు. 1950, 60లలో బ్రిటన్‌లో వచ్చిన బి సినిమాలు, అంటే పెద్ద సినిమాకు జతగా వేసే చవక రెండో సినిమాలు, చూడమని ఎవరో సలహా ఇచ్చారు. దేనితో మొదలుపెట్టాలి, అంత తక్కువలో వాళ్లు ఎలా తీయగలిగారు, ఇప్పుడు మనకు పనికొచ్చేది అందులో ఏమైనా ఉందా అని ప్రశ్న. నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి, ఈ రకం సినిమాలంటే ఇష్టం ఉన్నవాణ్ణి. జవాబు పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

మొదట పేరు చెప్పేస్తాను: ‘క్యాష్ ఆన్ డిమాండ్’. 1961లో హామర్ ఫిల్మ్స్ అనే బ్రిటిష్ కంపెనీ తీసిన సినిమా. నలుపు తెలుపు, 80 నిమిషాలు. దర్శకుడు క్వెంటిన్ లారెన్స్, కెమెరా ఆర్థర్ గ్రాంట్, నిర్మాత మైకేల్ కారెరాస్. ముఖ్య పాత్రలు పీటర్ కుషింగ్, ఆండ్రే మొరెల్. బడ్జెట్ సుమారు 37 వేల పౌండ్లు. అప్పట్లో పౌండుకు పదమూడు రూపాయల పైచిలుకు, అంటే మన లెక్కలో 5 లక్షలకు కాస్త తక్కువ. హామర్ అనగానే రక్తపిశాచులు, పాడుబడ్డ కోటలు గుర్తొస్తాయి కదా, ఇందులో అవేవీ లేవు. ఒక చిన్న ఊరి బ్యాంకు, క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు ఒక ఉదయం, అంతే.

కథ చెబుతాను, చివరి మలుపు మాత్రం చెప్పను. బ్యాంకు మేనేజర్ ఫోర్డైస్ మహా కఠినుడు. తప్పు చెయ్యడు, ఇంకొకళ్లు చేస్తే క్షమించడు. సిబ్బంది పండగ పార్టీ పెట్టుకుంటున్నా ఆయనకు నచ్చదు. హెడ్ క్లర్కు పియర్సన్‌ది ఏళ్ల తరబడి సర్వీసు. కింది ఉద్యోగి ఒకడు చేసిన చిన్న పొరపాటు, అదీ సరిదిద్దేసింది, పట్టుకుని పియర్సన్‌ను ఉద్యోగంలోంచి తీసేయిస్తానన్నంత దూరం వెళతాడు ఫోర్డైస్. సినిమా మొదటి భాగంలో ఎక్కువ ఇదే. నేరం ఇంకా మొదలే కాలేదు, అయినా ఆ గదిలో ఊపిరాడదు.

అప్పుడు కల్నల్ గోర్ హెప్‌బర్న్ అనే పెద్దమనిషి వస్తాడు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున బ్యాంకు భద్రత తనిఖీకి వచ్చానంటాడు. నవ్వుముఖం, మంచి సూటు, అందరితో కలివిడిగా మాటలు. మేనేజర్ గదిలో తలుపు మూసుకున్నాక ఫోన్ మోగుతుంది. అవతల ఫోర్డైస్ భార్య గొంతు. తనూ కొడుకూ ఎవరి చేతుల్లోనో చిక్కుకున్నామని, చెప్పినట్టు వినమని వేడుకుంటుంది. ఫోన్ పెట్టేశాక కల్నల్ ప్రశాంతంగా విషయం చెబుతాడు. మేనేజర్ సహకరించకపోతే, పోలీసులకు ఉప్పందిస్తే, ఆ ఇద్దరికీ కరెంటు పెడతారు. స్ట్రాంగ్‌రూమ్‌లో ఉన్న 90 వేల పౌండ్లకు పైగా డబ్బు తన సూట్‌కేసుల్లోకి ఎక్కాలి. అదీ మేనేజర్ చేతుల మీదుగా, పట్టపగలు, సిబ్బంది అందరి కళ్ల ముందు, ఎవరికీ అనుమానం రాకుండా.

ఇక్కడొక్క నిమిషం ఆగి, మీ నిర్మాత కళ్లతో చూడండి. తుపాకీ లేదు. ఛేజ్ లేదు. ముసుగు దొంగలు లేరు. కిడ్నాప్ జరిగిన ఇల్లు తెర మీదకు రాదు, బంధించినవాళ్లు రారు. ఆ మొత్తం వ్యవహారానికి అయిన ఖర్చు ఒక టెలిఫోను, ఒక ఆడగొంతు. అయినా మిగతా సినిమా అంతా ఆ కనపడని ఇల్లే మన బుర్రలో తిరుగుతుంటుంది. తక్కువ డబ్బుతో తీసిన సినిమాల్లో తొంభై పాళ్లు ఇక్కడే బోల్తా కొడతాయి. పెద్ద కథ రాసుకుని, తీసేటప్పుడు ఒక్కొక్కటీ కోసేసుకుంటూ పోతారు, చివరికి తెర మీద కోతలే కనిపిస్తాయి. ఈ సినిమా కథకు మొదటి నుంచీ బ్యాంకు దాటి వెళ్లే అవసరమే లేదు. అందుకే చూసేవాడికి ఇదొక చవక సినిమా అన్న స్పృహే కలగదు. మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే, మిగతాది దీనికి వివరణ.

ఇలాంటి కథ ఎలా దొరికిందంటే, టీవీ నుంచి. జాక్ గిల్లీస్ రాసిన టీవీ నాటకం దీనికి మూలం. 1960లో ఐటీవీ అనే బ్రిటిష్ ఛానల్‌కు దానికి దర్శకత్వం వహించింది కూడా క్వెంటిన్ లారెన్సే. కల్నల్‌గా ఆండ్రే మొరెల్, పియర్సన్‌గా రిచర్డ్ వెర్నన్ అందులోనూ ఉన్నారు. దాన్ని సినిమా స్క్రిప్టుగా మార్చింది డేవిడ్ చాంట్లర్, లూయిస్ గ్రైఫర్. అంటే హామర్ కొన్నది కథ ఒక్కటే కాదు. ఏ సీన్ ఎక్కడ బిగుస్తుందో, ఏ మాట ఎవరు ఎలా చెబితే పనిచేస్తుందో ముందే తేలిపోయిన సరుకు అది. మీ దగ్గర డబ్బు లేకపోతే ముందుగా ఖర్చు పెట్టాల్సింది రిహార్సల్‌కి. రిహార్సల్‌కి కావాల్సింది ఒక గది, టీ, కాసింత ఓపిక. నటులతో స్క్రిప్టు మొత్తం ఒక నాటకంలా ముందే ఆడించి చూడండి. షూటింగ్‌లో ప్రతి గంటా డబ్బే, ఏ డైలాగు పేలదో అక్కడికి వెళ్లాక తెలిస్తే లాభం లేదు.

ఇక ఇలాంటి సినిమాలు అసలు ఎందుకు పుట్టాయో చెప్పాలి. దీని వెనక కళ కన్నా చట్టం ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ థియేటర్లను హాలీవుడ్ నింపేసింది. 1927లో పార్లమెంటు చట్టం చేసి, థియేటర్లు ఇంత శాతం స్వదేశీ సినిమాలు వేయాలని కోటా పెట్టింది. పెంచుకుంటూ పోయి 1930ల మధ్యకొచ్చేసరికి 20 శాతానికి తీసుకెళ్లారు. అమెరికన్ పంపిణీ కంపెనీలు ఆ లెక్క తీర్చడానికి ఎంత చవగ్గా వీలైతే అంత చవగ్గా బ్రిటన్‌లో సినిమాలు తీయించాయి. వాటికి ‘కోటా క్విక్కీస్’ అని వెక్కిరింపు పేరు. 1938 చట్టంతో కనీస ఖర్చు నిబంధన వచ్చాక ఆ రకం చాలావరకు తగ్గింది. యుద్ధం తర్వాత 1948లో కోటా మళ్లీ బిగించారు, ప్రధాన చిత్రానికి ఒక కోటా, దానితో పాటు వేసే సహాయ కార్యక్రమానికి వేరుగా 25 శాతం అని. మన థియేటర్లలో సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీల్ తప్పనిసరిగా పడేది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ఆ చోటును న్యూస్‌రీల్‌తో పాటు ఒక రెండో సినిమా ఆక్రమించేది. ఒకే టికెట్టుకు రెండు సినిమాలన్నమాట. గంటా గంటంబావు ఉండే ఆ రెండో సినిమాల్లో క్రైమ్ కథలదే పెద్ద వాటా.

క్రైమే ఎందుకంటారా? కాస్ట్యూములు అక్కర్లేదు. లండన్ వీధి, ఒక ఆఫీసు, ఒక ఫ్లాటు, ఒక పబ్బు ఉంటే చాలు. రెయిన్‌కోటు వేసుకున్న ఇన్‌స్పెక్టర్, నల్ల ఊల్జ్‌లీ పోలీసు కారు, దాని మీద గంట. అదే కారు షాటు, అదే థేమ్స్ ఒడ్డు షాటు ఎన్ని సినిమాల్లో వాడుకున్నారో లెక్కలేదు. పైగా రెండో సినిమాకు థియేటర్ వాళ్లు సాధారణంగా గంపగుత్త అద్దె ఇచ్చేవారు, వసూళ్లలో వాటా కాదు. సినిమా బాగున్నా వచ్చేది అంతే, చెత్తగా ఉన్నా అంతే. ఆ పరిస్థితిలో నిర్మాత లాభం చేసుకోవాలంటే దారి ఒక్కటే, ఖర్చు తగ్గించుకోవడం. చాలా బి సినిమాలు 15 నుంచి 20 వేల పౌండ్ల మధ్య, రెండు మూడు వారాల షూటింగ్‌తో ముగించేవారు. దాని పక్కన పెడితే ‘క్యాష్ ఆన్ డిమాండ్’ కొంచెం కలవారి బిడ్డే.

1950లో ఈడీ లెవీ వచ్చింది. టికెట్ల మీద కొంత వసూలు చేసి ఆ నిధిని బ్రిటిష్ సినిమాలకు వాటి వసూళ్లను బట్టి పంచేవారు. ఖజానా శాఖ అధికారి విల్‌ఫ్రిడ్ ఈడీ పేరు మీద ఆ పేరు. మొదట స్వచ్ఛందం, 1957 చట్టంతో తప్పనిసరి అయింది. చిన్న నిర్మాతలను నిలబెట్టిన వాటిలో అదొకటి. కానీ ఇంకో పక్క నేల కుంగిపోతూనే ఉంది. 1946లో బ్రిటన్‌లో ఏడాదికి 160 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. 1960కి అది 50 కోట్లకు పడిపోయింది. 1955లో ఐటీవీ మొదలైంది, జనం ఇంట్లో కూర్చుని ఉచితంగా గంట నిడివి క్రైమ్ కథలు చూడసాగారు. బి సినిమా చేసే పనే టీవీ చేస్తుంటే బి సినిమా ఎందుకు? 60ల మధ్యకొచ్చేసరికి ఆ వ్యాపారం దాదాపు మూతబడింది. దాన్ని నడిపినవాళ్లలో తెలివైనవాళ్లు టీవీకి మారిపోయారు. టెంపియన్ పేరుతో చవక క్రైమ్ సినిమాలు తీసిన రాబర్ట్ బేకర్, మాంటీ బెర్మన్ జంట తర్వాత రోజర్ మూర్‌తో ‘ది సెయింట్’ సిరీస్ తీసి లోకమంతా అమ్మారు.

హామర్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీలాంటివాళ్లకు అందులో పాఠముంది. పెద్ద స్టూడియో అద్దెలు భరించలేక వాళ్లు పల్లెటూరి బంగళాలు తీసుకుని వాటిలోనే సినిమాలు తీసేవారు. చివరికి థేమ్స్ ఒడ్డున బ్రే అనే ఊరి దగ్గర ‘డౌన్ ప్లేస్’ అనే పాత ఇంట్లో స్థిరపడ్డారు. ఆ ఇంటి మెట్లు, హాలు, తోట, అన్నీ సెట్లే. తర్వాత పక్కనే స్టేజీలు కట్టుకున్నారు. వాళ్ల ఆర్ట్ డైరెక్టర్ బెర్నార్డ్ రాబిన్సన్ ఒకే సెట్టును రంగు మార్చి, గోడలు జరిపి, నాలుగు సినిమాల్లో గుర్తుపట్టకుండా వాడడంలో సిద్ధహస్తుడు. 50ల మొదట్లో రాబర్ట్ లిప్పర్ట్ అనే అమెరికన్ నిర్మాతతో ఒప్పందం చేసుకుని, హాలీవుడ్‌లో వెలుగు తగ్గుతున్న డేన్ క్లార్క్, డాన్ డ్యురియా లాంటి నటులను తెచ్చి బోలెడన్ని చవక క్రైమ్ సినిమాలు తీశారు. తెర మీద అమెరికన్ ముఖం ఉంటే అక్కడా అమ్ముడవుతుందని లెక్క. 1957లో ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా ఆడాక హామర్ దశ తిరిగింది. ఆ భయానక చిత్రాల్లోని నీడలు, బిగింపు ఎక్కడివి అంటే, టెరెన్స్ ఫిషర్ లాంటి దర్శకులు ఈ చిన్న సినిమాలు తీస్తూ నేర్చుకున్నవే అని నా అభిప్రాయం.

సరే, మళ్లీ బ్యాంకులోకి వద్దాం. కుషింగ్, మొరెల్ జంట అప్పటికే ప్రేక్షకులకు పాత పరిచయం. 1954 డిసెంబరులో బీబీసీ ఆర్వెల్ నవల ‘1984’ను టీవీ నాటకంగా లైవ్‌లో ప్రసారం చేసింది. అందులో హింసకు గురయ్యే విన్‌స్టన్ కుషింగ్, అతణ్ణి మెత్తగా మాట్లాడుతూనే చిత్రవధ చేసే ఒబ్రైన్ మొరెల్. ఆ ప్రసారం మీద పార్లమెంటులో కూడా గొడవైంది. 1959లో హామర్ తీసిన బాస్కర్‌విల్స్ కథలో ఇద్దరూ షెర్లాక్ హోమ్స్, అతని స్నేహితుడు వాట్సన్. ఒకసారి చిత్రవధ, ఒకసారి స్నేహం. మూడోసారి ‘క్యాష్ ఆన్ డిమాండ్’లో ఆ రెండూ కలిశాయి. కల్నల్ ఫోర్డైస్‌ను బెదిరిస్తూనే మందలిస్తాడు, ఉద్యోగులతో నువ్వు మాట్లాడే తీరేమిటి, నీకు ఒక్క స్నేహితుడైనా ఉన్నాడా అన్న ధోరణిలో. దొంగ చేత నీతులు చెప్పించుకోవడం మేనేజర్‌కు ఎంత అవమానమో, చూసేవాళ్లకు అంత సరదా. ఒకచోట కల్నల్ చాచి చెంపదెబ్బ కొడతాడు. అంతకుముందు దాకా చేతలు లేవు కాబట్టి ఆ ఒక్క దెబ్బ తుపాకీ పేలినంత పని చేస్తుంది. మీ సినిమాలో ఎన్ని దెబ్బలున్నాయో లెక్కపెట్టుకుని, ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కుషింగ్‌ను మన కుర్రకారు ఎక్కువగా గుర్తుపట్టేది 1977లో వచ్చిన మొదటి ‘స్టార్ వార్స్’లోని టార్కిన్‌గా. ఈ సినిమాలో ఆయన చేసింది దానికి పూర్తిగా భిన్నం. మొదట వెన్ను కర్రలా నిటారుగా, పెదాలు బిగించి, మాట తూకం వేసినట్టు. ఫోన్ వచ్చాక ఆ బిగువు కొద్దికొద్దిగా జారిపోతుంది. చెమట, వణుకు, సిబ్బంది ముందు మామూలుగా ఉన్నట్టు నటించే ప్రయత్నం. నటుడు ఒక పాత్ర చేస్తున్నాడు, ఆ పాత్ర లోపల ఇంకో నటన చేస్తోంది, చూస్తున్న మనకు రెండూ కనపడాలి. వస్తువులతో ఆయనకున్న పనితనం సెట్లలో పేరు మోసింది, ‘ప్రాప్స్ పీటర్’ అని సరదాగా పిలిచేవారట. చేతులు ఎప్పుడూ ఏదో ఒక అర్థవంతమైన పని చేస్తుంటాయి. క్లోజప్పులు తీసేటప్పుడు ముఖాలతో పాటు చేతులు కూడా తీసుకోండి. ఎడిటింగ్‌లో అవే మిమ్మల్ని కాపాడతాయి.

మొరెల్ పాత్ర ఇంకా కష్టం. భయపెట్టేవాడు అరిస్తే భయం పోతుంది. ఆయన కుర్చీలో హాయిగా వాలి కూర్చుంటాడు, గది తనదైనట్టు తిరుగుతాడు. ఇంటి యజమానిలా కూర్చోవలసినవాడు నిలబడి ఉంటాడు, చొరబడ్డవాడు కూర్చుంటాడు. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, తలుపుకు దగ్గరగా ఎవరున్నారు అన్నదాంతోనే దర్శకుడు ఎవరి చెయ్యి పైన ఉందో చూపిస్తాడు. దీనికి పైసా ఖర్చు లేదు. ఆర్థర్ గ్రాంట్ కెమెరా కూడా ఎక్కువ హంగామా చెయ్యదు. మేనేజర్ గది, కౌంటర్ల హాలు, కిందికి స్ట్రాంగ్‌రూమ్‌కు దిగే మెట్లు. టైటిల్స్ సమయంలోనే కెమెరా ఖాళీ బ్యాంకులో తిరిగి మనకు ఆ చోటు పరిచయం చేస్తుంది. ఇది గమనించండి. ఒకే చోట కథ నడిచేటప్పుడు ఏ తలుపు ఎక్కడికి వెళుతుందో ప్రేక్షకుడికి ముందే తెలియాలి. తెలిస్తేనే తర్వాత ‘అయ్యో, ఆ తలుపు తెరుచుకుంటుందేమో’ అని టెన్షన్ పడతాడు. తెలియకపోతే ఏ తలుపు తెరుచుకున్నా అతనికి ఒకటే.

సమయం కూడా దాదాపు గడియారం ప్రకారమే నడుస్తుంది. ఉదయం బ్యాంకు తెరవడం దగ్గర్నుంచి తెర మీద ఎంతసేపో కథలోనూ కాస్త అటూ ఇటుగా అంతసేపే. ఎడిటర్‌గా ఒక మాట చెబుతాను, ఇలాంటి సినిమాలో కత్తెర ఎంత తక్కువ వాడితే అంత మంచిది. కట్ చేసిన ప్రతిసారీ ప్రేక్షకుడు ఒక్క క్షణం బయటికొచ్చి గాలి పీల్చుకుంటాడు. ఈ సినిమాకు తన దేశంలోనే ఆ అన్యాయం జరిగింది. అమెరికాలో కొలంబియా పిక్చర్స్ 1961 చివర్లోనే విడుదల చేసింది. బ్రిటన్‌లో రెండేళ్లు డబ్బాల్లో పడి ఉండి 1963 డిసెంబరులో వచ్చింది, అదీ రెండో సినిమాగా ఇమడడానికి పది నిమిషాలకు పైగా కోసేసి. పాత కాపీల్లో పొట్టిది దొరికితే చూడకండి, 80 నిమిషాలదే వెతకండి. అన్నట్టు అదే 1963 ఆగస్టులో అసలు దొంగలు రాయల్ మెయిల్ రైలాపి 26 లక్షల పౌండ్లు దోచుకెళ్లారు. పేపర్లన్నీ నెలల తరబడి అదే రాశాయి. 90 వేల పౌండ్ల దోపిడీ కథ ఆ హోరులో వినిపించకపోవడం వింతేం కాదు.

ఒక తమాషా సంగతి. ఇక్కడ అణగిమణగి ఉండే హెడ్ క్లర్కు పియర్సన్‌గా వేసిన రిచర్డ్ వెర్నన్, 1964లో ‘గోల్డ్‌ఫింగర్’లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అధికారిగా కనిపించి జేమ్స్ బాండ్‌కు బంగారం గురించి పాఠం చెబుతాడు. ఇంకో గుమాస్తా వేసిన నార్మన్ బర్డ్ అంతకు ముందే 1960లో ‘ది లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్’లో బ్యాంకు దోచే ముఠాలో సభ్యుడు. బ్రిటిష్ క్యారెక్టర్ ఆర్టిస్టుల అదృష్టం అలాంటిది. పోస్టరు మీద పేరుండదు, కానీ వీళ్లు లేకపోతే ఆ చిన్న సినిమాలు నిలబడేవి కావు. మీరూ డబ్బుంటే ఒక తెలిసిన ముఖం కోసం పెట్టకండి, నాటకాల అనుభవమున్న ఆరుగురు మంచి నటులకు పెట్టండి.

కథకు క్రిస్మస్ ఎందుకు అవసరమైందో చూశారా? అది అలంకారం కోసం కాదు. పండగ ముందు రోజుల్లో బ్యాంకులో నగదు ఎక్కువ ఉంటుంది, సిబ్బంది మనసు పార్టీ మీద ఉంటుంది, పైగా రాయి లాంటి మనిషి మెత్తబడే కథకు ఇంగ్లండులో డికెన్స్ కాలం నుంచీ అదే ముహూర్తం. చాలామంది విమర్శకులు ఫోర్డైస్‌ను స్క్రూజ్‌తో, అంటే డికెన్స్ కథలో క్రిస్మస్ రాత్రి దెయ్యాలొచ్చి మార్చిన పిసినారితో పోల్చారు, ఆ పోలిక సరైనదే. దెయ్యం బదులు దొంగ వచ్చాడు. ఫోర్డైస్ దోపిడీ నుంచి బయటపడాలంటే ఇన్నాళ్లూ తాను చిన్నచూపు చూసిన మనుషుల దయ కావాలి, ముఖ్యంగా పొద్దున ఉద్యోగం పీకేస్తానన్న ఆ పియర్సన్ దయ. అందుకే మొదటి భాగంలో ఆ చిన్న పొరపాటు మీద అంత రాద్ధాంతం. అప్పుడు సాగదీతలా అనిపించింది చివర్లో అసలు ఇరుసుగా మారుతుంది. చాలా థ్రిల్లర్లలో హీరోకు సమస్య బయటి నుంచి మాత్రమే వస్తుంది. ఇందులో దొంగ తెచ్చిన సమస్యను పరిష్కరించకుండా హీరోకు అడ్డుపడేది హీరో స్వభావమే.

ఇది చూశాక ఇంకేం చూడాలి? వెర్నన్ సీవెల్ తీసిన రెండు సినిమాలు తప్పనిసరి. 1961లో వచ్చిన ‘ది మ్యాన్ ఇన్ ది బ్యాక్ సీట్’ గంట కూడా ఉండదు. ఇద్దరు కుర్రాళ్లు కుక్కల పందేల దగ్గర ఒక బుకీని కొట్టి డబ్బు సంచీ లాక్కోబోతారు, సంచీ అతని మణికట్టుకు గొలుసుతో కట్టి ఉంటుంది. స్పృహ తప్పిన మనిషిని కారు వెనక సీట్లో వేసుకుని రాత్రంతా తిరగాల్సి వస్తుంది. ఒక కారు, ముగ్గురు మనుషులు, చీకటి. బడ్జెట్ లేనివాడికి ఇంతకన్నా మంచి కథ ఊహించడం కష్టం.

రెండోది 1962 నాటి ‘స్ట్రాంగ్‌రూమ్’. దొంగలు బ్యాంకు మేనేజర్నీ సెక్రటరీనీ వాల్ట్‌లో పెట్టి తాళం వేసి పారిపోతారు. ఆ తర్వాత బ్యాంకుకు వరుసగా సెలవులు. తాళాలు ఎవరికో ఒకరికి దొరికేలా చేసి పోలీసులకు కబురు పెట్టాలని అనుకుంటారు, ఆ పని మీద వెళ్లినవాడు కారు ప్రమాదంలో చస్తాడు. లోపల గాలి అయిపోతుంటుంది. దొంగలు తిరిగొచ్చి వాళ్లను కాపాడాలా వద్దా అని కొట్టుకుంటారు. ఇందులో టెన్షన్ సగం చట్టం నుంచి వచ్చింది. 1957 హోమిసైడ్ చట్టం మరణశిక్షను కొన్ని రకాల హత్యలకే పరిమితం చేసింది, దొంగతనం చేస్తూ చంపడం ఆ కొన్నింట్లో ఒకటి. లోపలివాళ్లు ఊపిరాడక చస్తే బయటివాళ్లకు ఉరే. ఆ నాటి ప్రేక్షకులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, మీరు మాత్రం తెలుసుకుని చూడండి.

లాన్స్ కంఫర్ట్ దర్శకత్వంలో వచ్చిన ‘టుమారో ఎట్ టెన్’లో కిడ్నాపర్‌గా రాబర్ట్ షా ఉన్నాడు. బాబు దాచిన చోట బొమ్మలో టైమ్ బాంబు, ఆ చోటు చెప్పగలిగినవాడు ఒక్కడే. ‘ది ఫ్లయింగ్ స్కాట్’ 1957ది, రైల్లో దోపిడీ కథ. మొదట్లో మాటల్లేకుండా చాలాసేపు ప్లాను ఎంత నున్నగా సాగుతుందో చూపించి, తర్వాత అసలు రోజున అదే ప్లాను ఎలా మొరాయిస్తుందో చూపిస్తారు. ఒకే సెట్టు, ఒకే చర్య, రెండుసార్లు వాడుకున్నారు. ఇలాంటి పొదుపుకి నేను దండం పెడతాను. మెర్టన్ పార్క్ స్టూడియోలో 1960 నుంచి 65 దాకా క్రైమ్ రచయిత ఎడ్గర్ వాలస్ కథల పేరుతో నలభైకి పైగా సినిమాలు తీశారు. పొగలో తిరిగే వాలస్ విగ్రహంతో మొదలవుతాయి. మంచివీ ఉన్నాయి, నిద్రపుచ్చేవీ ఉన్నాయి, వరసపెట్టి మాత్రం చూడకండి.

ఈ సినిమాలన్నీ గొప్పవని అనుకుని కూర్చోకండి. చాలావాటిలో ఆడవాళ్లకు సెక్రటరీ, భార్య, నైట్‌క్లబ్ గాయని అన్న మూడు పాత్రలు దాటి లేవు. నిడివి నింపడానికి క్లబ్‌లో పాట పెట్టడం, కామెడీ పనిమనిషిని పెట్టడం మామూలు. ఉన్నత వర్గం పోలీసు అధికారికి సర్వం తెలుసు, కింది వర్గం వాడు అనుమానితుడు అన్న ధోరణి చికాకు పెడుతుంది. ‘క్యాష్ ఆన్ డిమాండ్’లో కూడా ముగింపు కాస్త తొందరపడ్డట్టు ఉంటుంది. ఆ చివరి మలుపు నమ్మాలంటే మనం కొంచెం సర్దుకోవాలి. అయినా అప్పటికి ఆ రెండు పాత్రల మీద అంత ఆసక్తి కలుగుతుంది కాబట్టి నేను సర్దుకున్నాను.

మీ పనికొచ్చేసరికి ఒక అడ్డంకి ఉంది, దాన్ని ముందే ఎదుర్కోండి. ఈ కథ మొత్తం ల్యాండ్‌లైన్ ఫోన్ మీద నిలబడింది. ఇవాళ మేనేజర్ జేబులో మొబైల్ ఉంటుంది, బ్యాంకులో మూలమూలా సీసీ కెమెరా ఉంటుంది, భార్యకు వీడియో కాల్ చేస్తే పది సెకన్లలో నిజం తేలిపోతుంది. కాబట్టి ఈ కథను ఎత్తుకొచ్చి మన ఊరి బ్రాంచిలో పెడితే పనిచెయ్యదు, దయచేసి ఆ ప్రయత్నం వద్దు. తీసుకోవాల్సింది దాని ఎముకల గూడు: బెదిరింపు తెర బయట ఉండాలి, నేరస్థుడూ బాధితుడూ ఒకే గదిలో ఉండాలి, గది బయట మనుషులు మామూలుగా పని చేసుకుంటూ ఉండాలి, వాళ్లకు తెలియకూడదు. మీసేవా కేంద్రం కావచ్చు, మెడికల్ షాపు కావచ్చు, రిజిస్ట్రార్ ఆఫీసు కావచ్చు. మూసిన తలుపుకు అవతల జనం ఉండే చోటు ఏదైనా సరిపోతుంది. మొబైల్‌ను దాచిపెట్టాలని చూడకండి, దాన్నే బెదిరింపు వచ్చే దారిగా వాడండి.

దొరికే చోటు సంగతి. సోనీ 2010లో హామర్ సస్పెన్స్ సినిమాలను ఒక డీవీడీ సెట్టుగా వేసింది, అందులో ఇది ఉంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లయితే టాకింగ్ పిక్చర్స్ టీవీ ఛానల్ చూస్తూ ఉండండి, ఈ రకం సినిమాలు అందులో తరచూ వస్తాయి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది అప్పుడే కనిపిస్తుంది. మూడోసారి మీ స్క్రిప్టు పక్కన పెట్టుకుని, ఫోన్ మోగేదాకా ఎన్ని నిమిషాలు గడిచాయో, ఆలోపు మనకు మేనేజర్ గురించి ఏమేం తెలిసిందో రాసుకోండి.

మీ కథలో గదిలోకి వచ్చే ఆ రెండో మనిషి ఎవరో, అతనికి మొదటివాడి గురించి ఏం తెలుసో నాలుగు వాక్యాల్లో ఇక్కడే రాయండి. లొకేషన్, కెమెరా సంగతులు ఆ తర్వాత మాట్లాడుకుందాం. అది తేలకుండా చెప్పే సలహా ఏదైనా గాలిలో మాటే.